అసెంబుల్డ్ కంప్యూటర్ కొటేషన్‌లో ప్రతి భాగం పూర్తి పేరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో ఇంటికో, చిన్న ఆఫీసుకో తక్కువ ఖర్చుతో విడిభాగాలు కూర్చి కంప్యూటర్ చేయించుకోవాలంటే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది మౌంట్ రోడ్డు పక్కనున్న ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్. పెరంబూరులో అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్న నాకు బంధువులు, క్లయింట్లు డబ్బు కట్టే ముందు అక్కడి కొటేషన్లు తెచ్చి చూపిస్తుంటారు. వాటిలో చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి: ‘ఐ5, 16 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ, 450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్, ఏడాది వారంటీ’, అడుగున మొత్తం ధర. వీటిలో ఐ5 అనేది ఇంటెల్ ప్రాసెసర్ రకం, 16 జీబీ అనేది ర్యామ్ (పనిచేసేటప్పుడు వాడే మెమరీ), ఎస్‌ఎస్‌డీ ఫైళ్లు దాచే డ్రైవు, ఎస్‌ఎంపీఎస్ భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా. ఏ తరం ప్రాసెసరో, ఏ కంపెనీ మదర్‌బోర్డో (భాగాలన్నీ అమర్చే పలక), కొత్తదో పాతదో ఆ కాగితం చెప్పదు. భాగాల పేర్లు పూర్తిగా రాయకపోవడం వల్ల కష్టార్జితం పెట్టి కొనేవారు మోసపోతున్నారన్నదే నా ఆవేదన.

‘ఐ5’ అన్న మాటనే తీసుకుందాం. 2012లో వచ్చిన ఐ5-3470 కూడా ఐ5 కిందే లెక్క. ఆఫీసులు తీసివేసిన అలాంటి మూడో తరం ప్రాసెసర్లను కొత్తగా తయారైన చవక బోర్డుల మీద పెట్టి, మెరిసే క్యాబినెట్‌లో బిగించి అమ్ముతున్నారు. 2022 నుంచి దొరుకుతున్న ఐ3-12100 పేరుకు తక్కువదిగా కనిపించినా పనిలో దానికంటే చాలా వేగమైనది. పైగా కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. విండోస్ 10కు మామూలు మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్యాంకు లావాదేవీలు, పన్ను రిటర్నులు చేసుకోవాల్సిన కంప్యూటర్‌కు ఇది చిన్న విషయం కాదు. అలాగే ప్రాసెసర్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి, వేరే గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. ఆ ఒక్క అక్షరం కొటేషన్‌లో లేకపోతే కొనేవారికి తెలిసేదెలా?

ఎస్‌ఎంపీఎస్ సంగతి ఇంతకంటే ఆందోళన కలిగిస్తుంది, ఎందుకంటే క్యాబినెట్‌తో పాటు ‘ఫ్రీ’గా వచ్చే దాని గురించి అడిగేవారే ఉండరు. ఇటీవల ఒక క్లయింటు ఇంట్లో చూసిన డబ్బా మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింది పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని ఉంది. రెండింటినీ గుణిస్తే 192 వాట్లే. ఈనాటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా కరెంటు తీసుకునేది ఆ 12 వోల్టుల లైను నుంచే. గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటి కంప్యూటర్‌కు 192 వాట్లు లెక్కకు చాలుతాయి గానీ, పై అంకెలోనే నిజం లేని డబ్బాలో లోపలి రక్షణ ఏర్పాట్లను ఎలా నమ్మగలం? నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే ఒక్కోసారి బోర్డునూ, లెక్కలున్న డ్రైవునూ వెంట తీసుకుపోతుంది. పేరున్న కంపెనీ తయారు చేసిన, 80 ప్లస్ ధ్రువీకరణ (కరెంటు వృథా తక్కువని తెలిపే ముద్ర) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు కొంత ఎక్కువ పెట్టి, ఆ ఖర్చును రంగుల లైట్ల క్యాబినెట్‌లో తగ్గించుకోవడమే మేలని నా దృఢాభిప్రాయం.

ఎస్‌ఎస్‌డీ బోర్డుతో కలిసే పద్ధతిలో నెమ్మదైన సాటాదా, వేగమైన ఎన్‌వీఎంఈదా అన్నదీ రాయాలి, ఎం.2 అనే చిన్న పట్టీ ఆకారంలో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, వేగంలో మాత్రం చాలా తేడా ఉంటుంది. ర్యామ్ విషయంలో, గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్నప్పుడు ఒక 16 జీబీ కంటే రెండు 8 జీబీలు పెట్టుకుంటే పనితీరు మెరుగ్గా ఉంటుంది. 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు బాగా పెరిగినందున వాడేసిన ర్యామ్‌ను కొత్తదిగా అంటగట్టే ఆశ దుకాణదారులకు పెరుగుతుంది, కాబట్టి ఇక్కడ మరింత జాగ్రత్త అవసరం. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ, బ్రౌజరు మాత్రమే వాడే ఆఫీసు ప్రస్తుతానికి 8 జీబీతో సరిపెట్టుకుని, రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోవచ్చు.

బిల్లు లేకుండా కొంటే జీఎస్టీ మిగులుతుందని దుకాణదారు చెప్పే మాటకు చాలామంది లొంగిపోతున్నారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఆఫీసుకు ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా (తాను కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా) తిరిగి వచ్చేదే. ఇంటికి కొనేవారికి ఆ క్రెడిట్ లేకపోయినా, బిల్లూ సీరియల్ నంబరూ లేకపోతే రేపు కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఏం చూపిస్తారు? ఇంటెల్, ఏఎండీ బాక్సు ప్రాసెసర్లకు కంపెనీయే 3 సంవత్సరాల వారంటీ ఇస్తుండగా, దుకాణం కాగితం మీది ‘ఏడాది’తో తృప్తిపడటం ఎందుకు? 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కును మనకిచ్చింది. బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. ఫిర్యాదులకు 1915 నంబరు ఉంది.

రిచీ స్ట్రీట్‌లో అడగకుండానే మోడల్ నంబర్లతో సహా అన్నీ రాసిచ్చే దుకాణదారులూ ఉన్నారు. అందరూ అదే పద్ధతి పాటించేలా అక్కడి వ్యాపారులు తమలో తాము నిర్ణయించుకోవాలని కోరుతున్నాను. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్‌లకు మోడల్ నంబరు, కొత్తదా పాతదా, వారంటీ ఎవరిది, ఎన్నేళ్లు అనే గడులతో ఒక నమూనా కొటేషన్‌ను జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచేలోగా మీ పత్రికలో ప్రచురించాలని మనవి. పాఠకులు దాన్ని కత్తిరించి దుకాణానికి తీసుకువెళ్లి, అందులోనే నింపి ఇమ్మని అడుగుతారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై