ట్యాంకు మోసే మనుషుల గురించి

ఒరే బావా,

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మొన్న నువ్వు బ్రాడీపేట ఇల్లు ఖాళీ చేస్తున్నానని, సామాన్ల బండిలోనే చేపల ట్యాంకూ ఎక్కించేస్తామన్నారని చెప్పినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

నేను సత్యనారాయణపురం నుంచి పటమట మారినప్పుడు సామాన్లు మోసేవాళ్లకే ట్యాంకు అప్పజెప్పా. బీరువాలు, ఫ్రిజ్‌లు మోసే చేతులు వాళ్లవి. అడుగున నాలుగంగుళాల నీళ్లు, గులకరాళ్లు అలాగే ఉంచి, "కొంచెమే కదండీ" అంటూ పై అంచులు పట్టుకుని లేపారు. నేనూ సరే అన్నా. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ట్యాంకులో నాలుగంగుళాల నీళ్లంటే 56 కిలోలురా! నడుస్తుంటే ఆ నీళ్లు ఈ కొస నుంచి ఆ కొసకి కొట్టుకుంటాయి, బరువంతా గాజు పలకల్ని కలిపే సిలికాన్ అతుకుల మీద పడుతుంది. ఆ రాత్రి చూస్తే కుడి మూల కింద, స్టాండు చెక్క మీద, చెమట పట్టినట్టు సన్నటి తడి. తుడిస్తే మళ్లీ వచ్చేది. తెల్లారేసరికి కింద పరిచిన దుప్పటి పిండితే నీళ్లు కారాయి.

అంతకంటే పెద్ద తప్పు నేను చేశా. ఫిల్టరు స్పాంజి మురికిగా ఉందని కుళాయి కింద పెట్టి తెల్లగా పిండేశా. చేపల నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని మళ్లీ నైట్రేటుగా మార్చే బాక్టీరియా కాపురం ఉండేది ఆ స్పాంజిలోనే. మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్‌కి ఆ బాక్టీరియా చచ్చిపోయింది, నీళ్లలో అమ్మోనియా పేరుకుపోయింది. నాలుగో రోజు నా పెద్ద ఆస్కార్ చేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ, మొప్పలు ఎర్రబడి చచ్చిపోయింది. ఆరేళ్లు నా వేళ్ల మధ్య నుంచి మేత అందుకున్న చేప.

పోయినేడాది గుణదల మారేటప్పుడు మాత్రం గాజు కోసి ట్యాంకులు అతికించే మేస్త్రీని పెట్టుకున్నా. మిగతావాళ్లు ఎంత దూరం, ఎన్నో అంతస్తు అని అడిగి రేటు చెప్పేశారు. ఈయన గాజు ఎన్ని ఎమ్మెమ్, మెట్ల మలుపు ఎంత వెడల్పు, చేపలెన్ని అని అడిగి, ముందురోజు సాయంత్రం టేపు పట్టుకుని రెండిళ్లూ కొలుచుకెళ్లాడు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. వెయ్యి ఎక్కువైనా నువ్వు అలాంటి మనిషినే చూసుకో. "నీళ్లు పూర్తిగా తీస్తారా? అడుగు కింద చెయ్యేసి మోస్తారా?" అని అడుగు. ఆ రెంటికీ వెంటనే అవునన్నవాడికే బయానా ఇవ్వు. పదెమ్మెమ్ గాజైతే ఖాళీ ట్యాంకే అరవై కిలోల పైమాట, నలుగురు ఉండాల్సిందే.

ఆ మేస్త్రీ మేత రెండు రోజుల ముందే ఆపించాడు, సంచిలో నీళ్లు పాడవకుండా. పాత నీళ్లు సగానికి పైగా మూతల డ్రమ్ముల్లో పట్టాం. స్పాంజి ఆ నీళ్లలోనే మునిగి వచ్చింది. ఆస్కార్లకి ఒక్కోదానికి విడి సంచి, అదీ రెండు పొరలు. మూలల్లో ఇరుక్కోకుండా సంచి కింది కొసలకి రబ్బరు బ్యాండ్లు వేశాడు. మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. పైన తువ్వాలు కప్పి చీకటి చేస్తే అవి కదలకుండా ఉండిపోయాయి. బండి తెల్లవారుజామున అయిదింటికే కదిలింది. మన ఎండలకి నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ నిలవదు కదా.

కొత్తింట్లో గోడ వారగా, కింద దూలం ఉన్నచోట స్టాండు వెయ్యి. నిండితే నాలుగొందల కిలోలు దాటుతుంది. స్టాండు మీద థర్మోకోల్ పరిచి, రసమట్టం పెట్టి చూడు. ఒక పక్క కాస్త ఒరిగినా అతుకుకి మంచిది కాదు. కొత్త నీళ్లకి యాంటీ క్లోరిన్ మర్చిపోకు. సంచులు ఇరవై నిమిషాలు తేలనిచ్చాక, లోపలికి కొంచెం కొంచెంగా ట్యాంకు నీళ్లు కలుపుతూ పోయి చేపల్ని వదులు. నా ఆస్కార్ వదలగానే పక్కకి ఒరిగి అడుగున పడుకుంది. నాకు గుండె జారిపోయింది. "అలిగిందండీ, లైటు ఆర్పేయండి" అన్నాడు మేస్త్రీ. మర్నాడు మధ్యాహ్నానికి లేచి తిరిగింది. నీదీ అలా చేస్తే కంగారుపడి కర్రతో కదిలించకు. వారం పాటు మేత సగమే వెయ్యి, రోజూ అమ్మోనియా పరీక్ష చెయ్యి.

ఇంకోటి. పాలు పొంగించే రోజు ట్యాంకు జోలికి పోకు. ఇంటినిండా చుట్టాలుంటారు, పిల్లలు సంచుల చుట్టూ చేరతారు. సామాన్లన్నీ సర్దుకున్నాక, ఇంకో రోజు దానికంటూ పెట్టుకో. ఏ రోజో చెబితే ముందురోజు రాత్రికే గుంటూరు వచ్చేస్తా. డ్రమ్ములు, రసమట్టం కొనకు, నావి కారులో వేసుకొస్తా. మేస్త్రీని కూడా అడిగా, బండి ఖర్చిస్తే వస్తానన్నాడు.

నీ
బావ