జ్ఞాన్ పోస్ట్ బాగుంది, దాని మీద జీఎస్టీ దేనికి?

గౌరవనీయులు డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,
కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి

నమస్కారం.

పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సేవ 2024 డిసెంబర్ 18న చడీచప్పుడు లేకుండా పోస్టాఫీసు కంప్యూటర్లలోంచి మాయమైంది. సరిగ్గా ఆ వారమే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, దాని వెనకే విజయవాడది. తెలుగు పుస్తకాలకు కాస్త గిరాకీ ఉండే రోజులవి. అప్పటిదాకా 80 రూపాయలకు వెళ్లిన ఐదు కిలోల కట్టకు రిజిస్టర్డ్ పార్శిల్ కింద 229 కట్టాల్సి వచ్చింది. 2025 మే 1న పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవ తెచ్చి మీ శాఖ ఆ తప్పు దిద్దుకుంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100, పైగా ట్రాకింగ్. ఇది మంచి పనేనని ఒప్పుకోవడానికి ప్రచురణకర్తలమైన మాకు మొహమాటం లేదు. అయితే ఆ రేట్ల పక్కనే ‘పన్నులు అదనం’ అని ఉంది. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

2022 జూలైలో తపాలా సేవలను జీఎస్టీ కిందికి తెచ్చినప్పుడు నాలుగింటిని మాత్రం వదిలేశారు: పోస్టుకార్డు, ఇన్‌ల్యాండ్ లెటర్, బుక్ పోస్ట్, 10 గ్రాముల లోపు మామూలు కవరు. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ సున్నా. దాన్ని మోసే బుక్ పోస్ట్ మీదా సున్నా. ఇప్పుడు అదే పుస్తకం అదే సంచిలో జ్ఞాన్ పోస్ట్ పేరుతో వెళ్తే 18 శాతం లెక్కన 20 రూపాయలు 23.60 అవుతాయి, 100 రూపాయలు 118 అవుతాయి. మూడున్నర రూపాయలకు ఇంత రాద్ధాంతమా అని ఆర్థిక శాఖవారు అనవచ్చు. వేరే వ్యాపారులైతే కట్టిన పన్నును అమ్మకం పన్నులో సర్దుకుంటారు. పుస్తకం మీద పన్నే లేదు కాబట్టి ప్రచురణకర్తకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. కట్టిన ప్రతి పైసా పుస్తకం ధర మీదే పడుతుంది. కాగితం సంగతీ ఇంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటుపుస్తకాల కాగితం మీద పన్ను తీసేసి, మిగతా కాగితాన్ని 12 నుంచి 18 శాతానికి పెంచారు. పిల్లాడు రాసుకునే కాగితానికి పన్ను లేదు, చదువుకునే పుస్తకం కాగితానికి ఉంది. దాని మీద వేరే ఉత్తరం రాయాలి.

పోస్టు మీద ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. 150 రూపాయల పుస్తకం అమ్మిపెట్టినందుకు షాపుకో డిస్ట్రిబ్యూటర్‌కో 40 శాతం, కొన్నిచోట్ల 50 శాతం ఇచ్చుకోవాలి. పైగా ఆ మిగిలిన డబ్బు నెలల తర్వాత గానీ చేతికి రాదు. 500 కాపీలు వేసేవాళ్లకు పాఠకుడికి నేరుగా పోస్టులో పంపడమే దారి. 2025 సెప్టెంబర్ 1న రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబర్ నుంచి స్పీడ్ పోస్టులో 250 నుంచి 500 గ్రాముల ప్యాకెట్‌కు 200 కిలోమీటర్ల లోపే 70 రూపాయలు, పన్నుతో 82.60. విజయవాడ నుంచి రాజమండ్రికి పుస్తకం పంపాలంటే పుస్తకం ధరలో సగం పైన పోస్టుకే. జ్ఞాన్ పోస్ట్ అందకపోతే మాకు మిగిలేది ఇదే.

ఇక 300 గ్రాముల గీత. మామూలు నవల సైజైన డెమీ 1/8లో 200 పేజీల పుస్తకం అంటే వంద ఆకులు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) కాగితమైతే ఆకులు సుమారు 212 గ్రాములు, అట్ట 20, అట్టపెట్టె ముక్కా టేపూ కలిపి 40. మొత్తం 270 పైచిలుకు, గీత లోపలే. అదే పుస్తకాన్ని 80 జీఎస్‌ఎం మీద వేస్తే ఆకులే 242. తూకం 300 దాటుతుందా లేదా అన్నది కౌంటర్ మీది కాటా చెప్పాలి. దాంతో ప్యాకింగ్‌లో కోత మొదలవుతుంది. లోపలి అట్టముక్క తీసేసి ఉత్త బ్రౌన్ కవర్లో పెడతారు. సంచిలో కింద పడ్డ ప్యాకెట్ మూలలు మడతపడతాయి, వానాకాలంలో వెన్ను దగ్గర జిగురు ఊడుతుంది. పాఠకుడు ఫొటో తీసి పంపుతాడు, ఇంకో కాపీ ఉచితంగా పంపాలి. మొదటి శ్లాబును 350 గ్రాములు చేస్తే అట్టముక్క లోపలే ఉంటుంది. పుస్తకాల షాపుల కట్టలకు ఈ బాధ లేదు. 70 జీఎస్‌ఎం పుస్తకాలు ఇరవై పెడితే నాలుగున్నర కిలోల పైచిలుకు, పన్నుతో సహా కాపీకి ఆరు రూపాయల లోపు. ఆ రేటు జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి.

అన్నిటికన్నా చిక్కు అర్హత దగ్గర. విద్య, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలకే ఈ సేవ. నిర్ణీత కాలానికోసారి వచ్చేవి కూడదు, వ్యాపార ప్రకటనలు కూడదు, ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి. చదివితే సబబుగానే ఉంటుంది. మరి డిటెక్టివ్ నవల ఈ నాలుగింటిలో దేని కిందికి వస్తుంది? గ్రూప్స్ పరీక్షల గైడు విద్యా, వ్యాపారమా? పంచాంగం సంగతి సరేసరి: మతానికి సంబంధించిందే, కానీ ఏటా ఉగాదికి వస్తుంది, లోపల నగల కొట్టు ప్రకటన ఉంటుంది. పుస్తకం చివరి పేజీల్లో ‘మా ఇతర ప్రచురణలు’ అని వేయడం మన దగ్గర మామూలు. పుస్తకాల జాబితాలకు నిబంధనల్లో మినహాయింపు ఉంది, అది కౌంటర్‌లోని ఉద్యోగికి తెలియాలి కదా. తెలియకపోతే ఒక ఆఫీసులో తీసుకున్న ప్యాకెట్‌ను పక్క ఆఫీసులో తిప్పి పంపుతారు. తప్పు ఆ ఉద్యోగిది కాదు. వెనక క్యూ ఉండగా సాహిత్య విమర్శ చేయమని ఆయన్ని అడుగుతున్నాం.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), ముద్రిత ధర, ప్రచురణకర్త పేరు ఈ మూడూ ఉన్న పుస్తకాన్ని విషయం చూడకుండా తీసుకోవాలని ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ఐఎస్‌బీఎన్ లేని పాత పుస్తకాలకు పేరూ ధరా సరిపోతాయని అందులోనే చేర్చండి. బిల్లు కాగితం లోపల పెట్టినంత మాత్రాన అది వ్యాపార వస్తువు కాదని కూడా రాయండి. అమ్మిన పుస్తకానికి బిల్లు ఇవ్వకపోతే అది మరో తప్పు.

జ్ఞాన్ పోస్ట్ గురించి మీ శాఖ ఇచ్చిన ప్రకటనలో ఈ సేవ డిపార్ట్‌మెంటల్ పోస్టాఫీసుల్లో, అంటే బ్రాంచి ఆఫీసులు కాని పెద్ద పోస్టాఫీసుల్లో, అన్నారు. దేశంలోని పోస్టాఫీసుల్లో పదింట ఎనిమిదికి పైగా పల్లెల్లోని బ్రాంచి ఆఫీసులే. గ్రామీణాభివృద్ధి శాఖా మీ చేతిలోనే ఉంది కాబట్టి వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్లో కూర్చుని సొంతంగా పుస్తకం వేసుకున్న కవి దాన్ని పంపడానికి మండల కేంద్రానికి బస్సెక్కాలి. కనీసం కిలో లోపు ప్యాకెట్ల బుకింగ్ బ్రాంచి ఆఫీసులకు ఇవ్వండి.

సర్క్యులర్, శ్లాబు, బ్రాంచి ఆఫీసులు మీ శాఖ చేతిలోని పనులు. జీఎస్టీ విషయం ఆర్థిక శాఖ దాకా వెళ్లాలి. దానికీ కొత్త మినహాయింపు అక్కర్లేదు, 2022లో ఇచ్చిన బుక్ పోస్ట్ మినహాయింపు జ్ఞాన్ పోస్ట్‌కూ వర్తిస్తుందని వివరణ తెప్పిస్తే సరిపోతుంది. సర్క్యులర్ ఇచ్చేటప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సర్కిళ్లలో తెలుగు ప్రతి కూడా కౌంటర్ దగ్గర అంటించమనండి.

ఇట్లు,
కొందరు తెలుగు ప్రచురణకర్తలు