పాస్‌వర్డ్ అడగని ఫోల్డర్లు మేం పెట్టినవే, మేమే మారుస్తున్నాం

నల్గొండ, మిర్యాలగూడలో మేం అందరి ఫైళ్లు ఒకేచోట దాచే స్టోరేజ్ బాక్సులు పెట్టి చూసుకుంటున్న కస్టమర్లందరికీ నమస్కారం. ఈ సంగతి వేరేవాళ్ల నోట వినకముందే నేనే చెప్పాలి.

పోయిన నెల ఇక్కడే ఒక ఆస్పత్రిలో కేబుల్ పని నడుస్తుంటే, కొత్తగా చేరిన మా పిల్లగాడు తన సొంత ల్యాప్‌టాప్‌ని నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించాడు. రెండు నిమిషాల్లో పేషెంట్ల స్కాన్ ఫోల్డర్ తెరుచుకుంది. "సార్, పాస్‌వర్డ్ అడుగుతలేదేంది?" అని నా మొహం చూశాడు. మూడేళ్ల కింద ఆ ఫోల్డర్ పెట్టింది నేనే.

ఎందుకు అడగలేదంటే, లైనక్స్ మిషన్లకు ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్‌ని సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. దాంట్లో ఆథ్‌సిస్ అనే పాత పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. అవతలి మిషన్ "నేను ఫలానా నంబర్ యూజర్‌ని" అంటే చాలు, సర్వర్ నమ్మేస్తుంది. ఉబుంటు అనే లైనక్స్‌లో మనం మొదట తయారుచేసే యూజర్‌కు 1000 అనే నంబర్ వస్తుంది. స్కాన్ రూమ్ టెక్నీషియన్‌ది 1000, మా పిల్లగాడిదీ 1000. సర్వర్‌కు ఇద్దరూ ఒక్కరే. కొన్ని ఐపీలకే (నెట్‌వర్క్‌లో ఒక్కో మిషన్‌కు ఉండే అడ్రస్ నంబర్) ఇచ్చేటట్టు కట్టడి చేయొచ్చు. కొత్త మిషన్ కొన్నప్పుడల్లా మళ్లీ రావాల్సి వస్తుందని నేను నెట్‌వర్క్ మొత్తానికి వదిలేశాను. అది నా తప్పు. ఆ సాయంత్రమే డాక్టర్ గారి ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.

అక్కడ ఇప్పుడు కెర్బరోస్ పెట్టాం. అమెరికాలోని ఎమ్ఐటీ యూనివర్సిటీలో 1980లలో పుట్టిన పద్ధతి ఇది. పొద్దున ఒకసారి పాస్‌వర్డ్ కొడితే అందరి లాగిన్లు చూసుకునే డొమైన్ సర్వర్ టికెట్ ఇస్తుంది, మామూలుగా అది 10 గంటలు చెల్లుతుంది. ఫోల్డర్ తెరిచినప్పుడు ఆ టికెట్టే పనిచేస్తుంది, పాస్‌వర్డ్ వైరు మీద ప్రయాణం చేయదు. ఎన్ఎఫ్ఎస్‌కు దీంట్లో మూడు స్థాయిలున్నాయి: మనిషెవరో తేల్చేది, దారిలో డేటా మారకుండా కూడా చూసేది, మధ్యలో ఎవరూ చదవలేకుండా మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసేది. పేషెంట్ల స్కాన్లు కాబట్టి మూడోదే పెట్టాం. పెద్ద ఫైళ్లు ముందుకంటే కొంచెం నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి, దాచను.

మార్చిన తర్వాతి సోమవారం ఇంకో దెబ్బ తగిలింది. ఎనిమిదింటికి ఫోన్, ఒక్క స్కాన్ కూడా తెరుచుకోవట్లేదని. వెళ్లేసరికి బెంచీల మీద పేషెంట్లు కూర్చుని ఉన్నారు. గంటసేపు అన్నీ వెతికాక స్టోరేజ్ బాక్స్ టైమ్ చూశాను. డొమైన్ సర్వర్‌లో 9:12, బాక్స్‌లో 9:05. కెర్బరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది, పాత టికెట్‌ని ఎవరూ దొంగిలించి మళ్లీ వాడకుండా. బాక్స్‌కు టైమ్ సర్వర్ అడ్రస్ ఇవ్వడం మరిచిపోయింది మేమే. ఆ గంట పోయినందుకు ఆ పేషెంట్లకు, స్టాఫ్‌కు క్షమాపణ. ఇప్పుడు మా వాళ్లు ఏ సైట్‌కు వెళ్లినా మొదట చూసేది గడియారమే.

రైస్ మిల్లుల వాళ్లకు ఒక మాట. మీవి ఎక్కువగా విండోస్ మిషన్లు, ఎస్ఎమ్‌బీ అనే విండోస్ ఫైల్ షేరింగ్. డెస్క్‌టాప్ మీద ఐపీ నంబర్‌తో పెట్టుకున్న షార్ట్‌కట్లు ఉన్నాయి కదా, అలా తెరిస్తే విండోస్ మామూలుగా కెర్బరోస్ జోలికి పోదు, ఎన్‌టీఎల్ఎమ్‌ అనే పాత లాగిన్ పద్ధతి వాడుతుంది. మైక్రోసాఫ్ట్ 2024లోనే దాన్ని పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. అందుకని షార్ట్‌కట్లన్నీ సర్వర్ పేరుతో మారుస్తాం. స్కాన్ చేసి నేరుగా ఫోల్డర్‌లో వేసే పాత జిరాక్స్ మిషన్లలో కొన్నిటికి ఎస్ఎమ్‌బీ మొదటి వెర్షనే వచ్చు. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ పాకింది ఆ వెర్షన్‌లోని లోపం పట్టుకునే. దాన్ని బిల్లులు, జీతాల ఫైళ్లున్న బాక్స్‌లో ఉంచను, ఎవరు అడిగినా. ఆ మిషన్లకు వేరే చిన్న ఏర్పాటు చేస్తాం, స్కాన్ కాపీ తెచ్చుకోవడానికి ఒక అడుగు ఎక్కువ పడుతుంది.

ఇలాంటి ఫోల్డర్లు మార్చే ఈ పనికి మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోం. వచ్చే ముందు రోజు ఫోన్ చేస్తాం, మీ పని మొదలవకముందే వస్తాం. ఏ ఫోల్డర్ ఎవరు చూడొచ్చో తెలిసిన మనిషిని ఒక గంట మాతో కూర్చోబెట్టండి. అది మేం ఊహించి పెట్టకూడదు, మీరే చెప్పాలి.