తోడు మనిషిని గేటు బయట ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం సందర్భంగా మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. అక్రోట్లు తినాలి, గళ్లనుడికట్టు పూరించాలి, రోజూ నడవాలి అని డాక్టర్లు చెప్పిన మాటలు బాగానే ఉన్నాయి. జబ్బు రానివాళ్లకు పనికొస్తాయి. వచ్చినవాళ్లను ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్లకు మాత్రం పేజీ అడుగున ఒక చిన్న పెట్టెలో 'ఓర్పు వహించాలి' అని రాశారు. ఓర్పుకేం, కావలసినంత ఉంది. లేనిదేమిటో కరోనా రోజుల్లో తెలిసివచ్చింది కాబట్టే ఈ ఉత్తరం.

నేను తెనాలిలో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడకు ఈ మతిమరుపు జబ్బు ఉందని 2015లో తేలింది. లాక్‌డౌన్ నాటికి నన్ను 'ఏమండీ' అనడం పోయి 'మాస్టారూ' అనేది. సాయంత్రం ఎండ వాలితే చాలు, చేతిసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడేది. "మాస్టారూ, పొద్దుపోతోంది. మా ఇంటి దగ్గర దింపిరండి, అమ్మ ఎదురుచూస్తుంటుంది." ఇదే మన ఇల్లు అంటే ముందు ఏడుపు, ఆపైన కోపం. పొద్దువాలే వేళకు కలవరం పెరగడం ఈ జబ్బులో మామూలే. డాక్టరుగారు మాత్ర రాశారు గానీ మాకు పనిచేసిన మందు వేరు. చెయ్యి పట్టుకుని రెండు వీధులు తిప్పి, మళ్లీ మా గేటు దగ్గరకే తెచ్చి "ఇదిగో, మీ ఇల్లొచ్చింది" అనేవాణ్ణి. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, నిమ్మళంగా లోపలికి వెళ్లేది.

2020 మార్చి 25తో ఆ రెండు వీధులూ మూతపడ్డాయి. మూలమీద కానిస్టేబులు ఆపాడు. మందుల చీటీ చూపిస్తే "నడకేగా, మేడమీద నడిపించండి పెద్దాయనా" అన్నాడు. అతన్ని అనడానికి లేదు, అతనికిచ్చిన ఆదేశాల్లో మా సంగతి లేదు. ఆ తరవాత పెరటి తలుపులోంచి బయటకు తీసుకెళ్లి, పక్క సందులోంచి వీధి గేటుకు తెచ్చి "ఇల్లొచ్చింది" అనడం మొదలుపెట్టాను. కొన్నాళ్లు నమ్మింది.

అసలు కష్టం స్నానం దగ్గర వచ్చింది. పగటిపూట సాయానికి పక్క ఊరినుంచి ఒకామె వచ్చేది. స్నానం, జడ, చీర అన్నీ ఆమె చేతిమీదుగానే. మా ఆవిడ నన్ను దగ్గరకు రానిచ్చేది కాదు. ఎవరో మాస్టారు స్నానం చేయిస్తానంటే ఏ ఆడమనిషి ఒప్పుకుంటుంది? బస్సులు లేవు, ఆటోలు లేవు. ఆ సాయమామెను ఆమె కొడుకు బండిమీద తీసుకొస్తుంటే చెక్‌పోస్టు దగ్గర వెనక్కి పంపేశారు. పాలవాడికి అనుమతి ఉంది. మీ పేపరు వేసే అబ్బాయికీ ఉంది, ఉండాల్సిందే, అది కూడా రాకపోతే నా మతి పోయేది. ఇళ్లలో వృద్ధులను చూసుకునే సహాయకులకు మినహాయింపు ఉందని కేంద్ర హోంశాఖ స్పష్టం చేసింది ఏప్రిల్ 21న. ప్రీపెయిడ్ మొబైల్ రీచార్జి, పిండి మిల్లులు, పప్పు మిల్లుల సరసన మా వాళ్లకూ అప్పుడు చోటు దొరికింది. ఆ మాట మా చెక్‌పోస్టుదాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. ఈలోగా చీరలు మానేసి నైటీలకు వచ్చాం. జడ వేయడం నేర్చుకున్నాను. లెక్కల మాస్టారి జడ కాబట్టి మూడు పాయలూ సమానంగానే వచ్చేవి, బిగువే ఉండేది కాదు.

మరుసటి ఏడు మార్చిలో అరవై దాటినవాళ్లకు టీకా మొదలైంది. వరసలో నిలబడాలి, వేయించుకున్నాక అరగంట కూర్చోవాలి. మా ఆవిడ ఆటో దిగనంది. అక్కడి ఏఎన్ఎం అమ్మాయి సంగతి విని, తానే ఆటో దగ్గరకు వచ్చి "అమ్మా, మీ గాజులు బాగున్నాయి" అంటూ సూది వేసి వెళ్లింది. ఆ అరగంటా ఆటోలోనే కూర్చున్నాం. కదలలేనివాళ్లకు ఇంటి దగ్గరే టీకా వేయవచ్చని కేంద్రం ప్రకటించింది ఆ సెప్టెంబరులో. ఆ అమ్మాయి ప్రభుత్వం కంటే ఆరు నెలలు ముందుంది.

అదే ఏడు మే నెలలో మా ఇద్దరికీ కరోనా వచ్చింది. ఆమెకు దగ్గు లేదు, జ్వరం లేదు, ఊరికే మగతగా పడి ఉంది. పెద్దవయసువాళ్లలో కరోనా ఒక్కోసారి ఇలా మగతగానో మతి తప్పినట్టుగానో మాత్రమే కనబడుతుందని తరవాత డాక్టరు చెప్పారు. ఆక్సిజన్ 88కి పడిపోయింది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మంచం దొరికింది గానీ నన్ను గేటు దగ్గరే ఆపేశారు. "అటెండెంట్లకు అనుమతి లేదు." నాకూ పాజిటివేనని రిపోర్టు చూపించాను. ఇద్దరు పాజిటివులు ఇంట్లో ఒకే గదిలో ఉండవచ్చట, వార్డులో పక్కపక్కన ఉండకూడదట. ఈ లెక్క నాకు ఇప్పటికీ తెగలేదు.

మర్నాడు వార్డుబాయ్ దయతలచి వీడియో కాల్ చేశాడు. ఆక్సిజన్ మాస్కు లాగేస్తోందని రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీకి కట్టేశారు. ఉదయం పెట్టిన ఇడ్లీ మూత తీయకుండా బల్లమీదే ఉంది. దాహమని చెప్పడం మరిచిపోయిన మనిషికి నీళ్లు ఎవరిస్తారు? చుట్టూ తిరిగేవాళ్లందరూ తలనుంచి కాలిదాకా తెల్లటి ముసుగులు. నర్సులను నిందించను, వాళ్లకు ఊపిరాడని రోజులవి. అందుకే గదా నన్ను లోపలికి రానివ్వమన్నది! కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి తెచ్చేసుకున్నాను. ఆక్సిజన్ అందించే కాన్సంట్రేటర్ యంత్రం అద్దెకు తెచ్చి, పక్కన కూర్చుని, మాస్కు పట్టుకుని గండం గట్టెక్కించాను. అద్దె యంత్రం దొరకనివాళ్ల సంగతి ఆలోచిస్తే నిద్రపట్టదు.

దేశంలో అరవై దాటినవాళ్లలో 88 లక్షల మందికి ఇలాంటి మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉంటుందని 2023లో అంచనా వేశారు. వాళ్లలో చాలామంది ఇంట్లో ఎవరో ఒకరి చేతిమీదే బతుకుతున్నారు. పిల్లల పెంపకానికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 730 రోజుల సెలవు ఉంది. హైదరాబాదులో అటువంటి ఉద్యోగమే చేస్తున్న మా అమ్మాయికి తల్లిని చూసుకోవడానికి అటువంటి సెలవు లేదు. అది పెద్ద మాట, మరోసారి రాస్తాను.

ఇప్పుడు అడిగేది చిన్నదే. విపత్తు ప్రణాళికలు జిల్లా కలెక్టర్ల అధ్యక్షతనే తయారవుతాయి. వాటిలో తోడు మనిషిని చూడవచ్చినవారి లెక్కలో కాక, రోగితో కలిపి ఒకటిగా లెక్కించాలి. ఊళ్లోని ప్రభుత్వ డాక్టరు సంతకం పెట్టిన ఒక కార్డు చాలు. అది చూపిస్తే చెక్‌పోస్టు దాటనివ్వాలి, వార్డులోకి రానివ్వాలి. మహమ్మారి దాకా అక్కర్లేదు, 2024లో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన సంగతి చూశాం. కొత్త గోడల మధ్య, కొత్త మనుషుల మధ్య పునరావాస కేంద్రంలో ఇలాంటి మనిషిని కూర్చోబెట్టడం ఎంత కష్టమో అధికారులు ఇప్పుడే, తీరికగా ఆలోచించాలి.

దయచేసి నా పేరు వేయకండి. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, నాకు దాపరికం లేదు. మా మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు, 'ఆ ఇంట్లో మతిపోయే జబ్బుందట' అని వెనక్కి తగ్గేవాళ్లు ఇంకా ఉన్నారు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి