సముద్రం ఒడ్డు మకాముల గురించి సుధకు

బాపట్ల,
అక్టోబరు 9.

చి॥ సౌ॥ సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది, మేడ ఎక్కొద్దంటే వినదు. దసరాకి వస్తారని వెనక గదికి సున్నం వేయించాం. రాలేదు, సరే. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. చింటూ ఫొటో ఒకటి పంపావు గానీ దాని కింద ఒక్క ముక్క రాయలేదు. వాడి జుట్టు కళ్లలో పడుతోంది, కత్తిరించు.

మొన్న శారద పిన్ని వచ్చింది. అల్లుడుగారు పాత వ్యాను కొని వెనకాల మంచం, గ్యాసు పొయ్యి బిగించారట. దీపావళి వెళ్లాక బయల్దేరి సూర్యలంక నుంచి అటు శ్రీకాకుళంలో బారువ దాకా నెల్లాళ్లు తీరం వెంబడే మకాములట. వ్యానులో ఉక్కగా ఉన్న రోజు టెంటు వేసుకుంటారట. పిన్ని ఇంకో మాట కూడా అంది. దాని సంగతి తర్వాత. ముందు ఈ ప్రయాణం గురించి రాస్తాను, అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

మొట్టమొదట నెల మార్చుకోండి. దీపావళి తర్వాతంటే తుఫాన్ల రోజులు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. విశాఖ మీదికి హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, పలాస వైపు తిత్లీ 2018 అక్టోబరు 11న. మిచాంగ్ అయితే 2023 డిసెంబరు 5న మన బాపట్ల దగ్గరే తీరం దాటింది, కాబట్టి డిసెంబరు మొదటి వారాన్నీ నమ్మడానికి లేదు. సంక్రాంతి వెళ్లాక రండి. జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వాన భయం తక్కువ, గాలి మెత్తగా ఉంటుంది, ఎండ చింటూ ఓర్చుకోగలిగినంతే ఉంటుంది. మార్చి నడిమికి దక్షిణపు గాలి లేచి మధ్యాహ్నాలు ఇసుక మొహాన కొడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు గాలివానలు, పిడుగులు. సంక్రాంతికి మూడు రోజులకి మించి సెలవివ్వరని ఏటా నువ్వే చెప్పేదానివి. మరి ఇప్పుడు నెల్లాళ్లు ఎలా ఇచ్చారో అని మీ అమ్మ అడుగుతోంది.

ఇక చోటు. ఇసుకలోకి దిగగానే అలల దగ్గరగా వేద్దామనిపిస్తుంది. వెయ్యొద్దు. ఎండిన నాచు, పుల్లలు, గుల్లలు, సీసా మూతలు ఒక వరసన పడి ఉంటాయి చూడు, పోటు అక్కడిదాకా వచ్చిందని గుర్తు. అలాంటి వరసలు రెండు మూడు కనిపిస్తే అన్నిటికన్నా పైదాన్ని లెక్కలోకి తీసుకోవాలి, పున్నమికీ అమావాస్యకీ నీళ్లు అక్కడికి వస్తాయి. ఇంకా పైకి వెళ్తే ఇసుక మీద ఊదా పూల తీగ అల్లుకుని ఉంటుంది. అలలు తరచూ కొట్టే చోట అది వేరు పట్టదు. ఆ తీగ దాటాక వేసుకోండి. తీగ మీద మాత్రం వెయ్యకండి, తొక్కితే పోతుంది, అది పోతే దిబ్బ కదులుతుంది.

పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందుకే రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మన తీరాన పున్నమికీ అమావాస్యకీ పొద్దున, రాత్రి ఇంచుమించు ఎనిమిది, తొమ్మిది మధ్య నీళ్లు నిండుతాయి. మధ్యాహ్నం మూడింటికి వచ్చినవాళ్లకి సముద్రం బాగా వెనక్కి పోయి విశాలంగా తడి ఇసుక కనిపిస్తుంది. రాంబాబు బాబాయి వాళ్లకి జరిగింది అదే.

ఆ సంగతి నీకు సగమే తెలుసు. బాబాయి, ఆఫీసు వాళ్లు కలిసి నాలుగు టెంట్లు, ఒక వ్యాను వేసుకుని చీరాల దగ్గర ఓడరేవు ఊరికి వెళ్లారు. మాఘ పున్నమి. తెల్లవారకుండానే సముద్ర స్నానాలకి జనం విరగబడి వచ్చి మధ్యాహ్నానికి ఖాళీ అయ్యారు. అన్ని వేల పాదాలు తొక్కాక ఇక నాచు వరస ఎక్కడ మిగులుతుంది? వీళ్లకి గుర్తేమీ కనిపించలేదు. చదునుగా, గట్టిగా ఉందని తడి ఇసుక అంచునే టెంట్లు వేశారు. టెంటుతో వచ్చే మేకులే కొట్టారు, జానెడు పొడవున్న ఇనప పుల్లలు. సామాను మోయలేక వ్యాను కూడా పక్కకే తెచ్చారు, చక్రాల్లో గాలి రోడ్డు మీద ఎంత ఉందో అంతే ఉంచి. రాత్రి ఏడున్నరకి మొదటి అల టెంటు కిందికి వచ్చింది. అది పెద్ద అలేమీ కాదు, చీలమండ లోతు. కానీ నీళ్లు వచ్చి వెళ్లేటప్పుడు మేకు చుట్టూ ఇసుక వదులవుతుంది. నాలుగైదు అలలకి మేకులు వాటంతట అవే పైకి తేలాయి, తాళ్లు సడలాయి, పక్కలు తడిశాయి. కంగారులో వ్యాను తియ్యబోయారు. చక్రం తిరుగుతోంది గానీ బండి కదలడం లేదు. అప్పుడే ఆపెయ్యాలి. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ చక్రం గుంట తవ్వుకుంది, ఇరుసు ఇసుకకి ఆనింది. ఊళ్లోంచి జాలర్లు ట్రాక్టరు తెచ్చేసరికి పది. తాడు లాగే కొక్కేనికి కట్టకుండా బంపరుకి కట్టారు, బంపరు ఊడి వచ్చింది. మళ్లీ కొక్కేనికి కట్టి లాగితే బండి బయటపడింది. చీకట్లో చేతికందింది పట్టుకుని రెండు దిబ్బల మధ్య పల్లంలో పడుకున్నారు. తెల్లవార్లూ దోమలు, మంచుకి ఉన్న పొడి బట్టలూ తడిశాయి. ఉప్పునీళ్లు తగిలిన బ్రేకుల్ని మంచినీళ్లతో కడిగించలేదు, అవీ పట్టేశాయి.

కాబట్టి వ్యానుని ఇసుకలోకి దింపకండి, గట్టి నేల మీద ఆపి సామాను మోసుకోండి. తప్పనిసరై దిగితే చక్రాల్లో గాలి 18, 20 పీఎస్‌ఐకి తగ్గించి నెమ్మదిగా, ఆగకుండా, మెలిక తిప్పకుండా పోవాలి. మళ్లీ రోడ్డెక్కే ముందు గాలి కొట్టుకోవడానికి చిన్న పంపు, చక్రాల కింద వెయ్యడానికి రెండు చెక్క పలకలు, ఒక పార ఉండాలి.

టెంటు కట్టడానికి మేకులు వద్దు. ఖాళీ యూరియా సంచిలో ఇసుక పోసి, ఎనిమిది పది కిలోలు చాలు, నడుము దగ్గర తాడు బిగించి, మూర లోతు గుంటలో అడ్డంగా పడుకోబెట్టి పూడ్చి తొక్కాలి. తాడు బయటికి వచ్చే దారిన కూడా ఇసుక చీల్చి వాలుగా చిన్న కాలువ తియ్యాలి. తియ్యకపోతే తాడు రాత్రంతా ఇసుకని కోసుకుంటూ కిందికి దిగుతుంది, పొద్దుటికి వదులవుతుంది. మీ టెంటుకి ఆరు సంచులు సరిపోతాయి. అడుగు పట్టా టెంటు అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే మంచు నీళ్లన్నీ పట్టుకుని లోపలికి పంపుతుంది.

గాలి సంగతి వినండి. పగలు సముద్రం మీంచి ఒడ్డుకి వీస్తుంది, రాత్రి తిరగబడి నేల మీంచి సముద్రానికి. పడమటి పక్క రొయ్యల చెరువో, మురుగు కాలవో, మడ అడవో ఉంటే రాత్రి గాలి అక్కడి దోమల్ని తెచ్చి మీ మీద పోస్తుంది. చెరువుల్లో ఏరియేటర్లు కూడా తెల్లవార్లూ మోగుతుంటాయి, చింటూ నిద్రపోడు. పగటిపూట చోటు చూసేటప్పుడు సముద్రం వైపు కాదు, వెనక్కి తిరిగి చూడాలి. సరుగుడు తోట ఉంటే గాలికి అడ్డే, కానీ మన తీరాన చెట్లు పడమటి పక్కన ఉంటాయి, పొద్దున ఎండకి పనికిరావు. ఏడింటికల్లా టెంటు ఉడికిపోతుంది. తూర్పు పక్కన ఒక పట్టా ఏటవాలుగా కట్టుకోండి. తోట లోపలికి వెళ్లి వెయ్యకండి. రాలిన ఆకు అగ్గిపుల్లకి అంటుకుంటుంది, చాలాచోట్ల అది అటవీ శాఖ తోట, పైగా ఆ ఆకు కింద రక్తపింజర, తేళ్లు. చెప్పులు దులపకుండా తొడగొద్దు, వాడికి కూడా అలవాటు చెయ్యి. కొబ్బరి చెట్టు కింద పడుకోవద్దు. ఉరిమితే తాటిచెట్టుకి దూరంగా వచ్చి వ్యానులో తలుపులు వేసుకుని కూర్చోండి.

పడవలు లాగి పెట్టిన చోట, వలలు ఆరేసిన చోట వేయకూడదు. తెల్లవారుజామున అలివి వల లాగేవాళ్లు రెండు కొసలూ పట్టుకుని ఒడ్డు పొడుగునా నడుస్తారు, మీ తాళ్లు వాళ్ల కాళ్లకి అడ్డం. ముందే ఊళ్లోకి వెళ్లి పెద్దవాళ్లని అడగండి, ఎక్కడ నీళ్లు వస్తాయో ఎక్కడ రావో వాళ్లకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. మెరైన్ పోలీసులకి కూడా ఒక మాట చెప్పి పడుకోండి. నువ్వు ఎవరికీ చెప్పకుండా పనులు చేసే మనిషివి కాదు కదా, ఇదివరకు.

ఊళ్ల గురించి ఎక్కువ రాయను. సూర్యలంకలో శని, ఆదివారాలు జనం, సోమవారం తర్వాత రండి, ఎయిర్‌ఫోర్స్ వాళ్ల కంచె వైపు పోవద్దు. అసలు సూర్యలంకలో టెంటెందుకు, 9 కిలోమీటర్లలో ఇల్లుంది. మంగినపూడిలో ఇసుక కాదు, నల్లమట్టి. ఎండగా ఉంటే మేకు బాగా పడుతుంది, చినుకు పడితే వ్యాను కదలదు. కాకినాడ నుంచి ఉప్పాడ రోడ్డుని సముద్రం కోస్తూనే ఉంది, ఆ రోడ్డు పక్కన రాత్రి ఆపకండి. భీమిలిలో గోస్తనీ మొగకి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి, దూరంగా ఉండండి. ఏ మొగ దగ్గరైనా అంతే, ఇసుక మేట ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు, నీళ్లు లోపలికి లాగుతాయి. ఎర్రమట్టి దిబ్బల మీద మేకు గుచ్చకూడదు, చూసి వచ్చేయండి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, బారువలోనూ ఇక్కడా కూడా. రాత్రిళ్లు ఒడ్డున మంట, తెల్ల లైట్లు వద్దు, వెలుతురు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది, పిల్లలు దారి తప్పుతాయి. చింటూ ముట్టుకోబోతాడు, చెయ్యి పట్టుకో. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వాటికి పులికున్నంత రక్షణ ఉంది.

వాడిని నీళ్లలోకి దింపే ముందు పావుగంట నిలబడి చూడు. అలలు వరసగా విరుగుతుంటే మధ్యలో ఒకచోట విరక్కుండా నీళ్లు నున్నగా, ముదురు రంగులో ఉంటాయి. ప్రశాంతంగా ఉందని అందరూ అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అందులో పడితే ఒడ్డుకేసి ఈదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకి ఈది, అలలు విరిగే చోటికి చేరాక వాటితో రావాలి. అల్లుడుగారికి ఈత వచ్చు గానీ అది మీ అపార్టుమెంటు కొలనులో. మోకాలు దాటనివ్వకు.

తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి అయిదు లీటర్లు లెక్కేసుకో, తీరం ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. వంట బయటే. టెంటులో, తలుపులు మూసిన వ్యానులో గ్యాసు గానీ బొగ్గులు గానీ వెలిగించొద్దు, ఆ విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయల్దేరే ముందు రోజూ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లిచ్చే అలల అంచనా చూడండి, వాళ్ల ఆఫీసు మీ హైదరాబాదు ప్రగతినగర్‌లోనే ఉంది. పోర్టుల్లో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారని విన్నా వ్యాను లోపలి ఊళ్లకి తిప్పెయ్యండి. 112 అందరికీ తెలుసు, కోస్ట్‌గార్డ్ వాళ్లది 1554, రాసిపెట్టుకో.

పిన్ని అన్న మాట. నువ్వు ఉద్యోగం మానేశావట. నెల్లాళ్ల సెలవు అందుకేనట. నిజమో కాదో నువ్వే చెప్పాలి. మానేసి ఉంటే ఎందుకని నేను అడగను, మీ అమ్మకి నేను సర్దిచెబుతాను. పీఎఫ్ మాత్రం కదపకు, సర్వీసు అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. మామూలుగా ఆఫీసు వాళ్ల ఆరోగ్య బీమా నీ ఆఖరి రోజుతోనే ఆగిపోతుంది, చింటూ పేరు కలిపి సొంతంగా పాలసీ తీసుకునే దాకా ఏ తీరానికీ వెళ్లొద్దు. చేతిలో ఆరు నెలల ఖర్చు లేకపోతే అడుగు, వ్యాను అమ్మాల్సిన పని లేదు.

ఆరు యూరియా సంచులు కడిగి ఎండబెట్టి, అర అంగుళం నైలాను తాడు ముక్కలు కోసి, మీ అమ్మ చేసిన గోంగూర పచ్చడితో కలిపి ఆర్టీసీ కార్గోలో వేశాను. పచ్చడి సీసా నిలబెట్టే ఉంచమను. పార్సెల్ అందగానే ఫోను చెయ్యి, మెసేజ్ కాదు. రాత్రి పది దాటినా పరవాలేదు, మేం మేలుకునే ఉంటాం.

నాన్న