స్టీల్ రెయిలింగ్ బిల్లులో రాడ్ గ్రేడు కూడా ఉండాలి

సంపాదకులకు,

సముద్రం పక్కన ఉన్న ఊళ్లలో రెండు వానాకాలాలు చూసిన స్టీల్ రెయిలింగ్ ఏదైనా ఉంటే ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. పైపు ఇంకా మెరుస్తూనే ఉంటుంది. నిలువు పైపు అడ్డపైపును కలిసే చోట మాత్రం వెల్డు చుట్టూ గోరు వెడల్పున టీ మరకలాంటి గీత కనిపిస్తుంది. ‘డూప్లికేట్ స్టీలు అంటగట్టారు’ అని ఇంటివాళ్లు షాపు మీద పడతారు. అది నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. పైపంతా బాగుండి జాయింటు ఒక్కటే తుప్పు పడితే మాత్రం తప్పు పైపుది కాదు. అక్కడ కరిగించిన రాడ్డుదో, కరిగించాక చేయకుండా వదిలేసిన పనిదో అయి ఉంటుంది.

టిగ్ వెల్డింగులో, అంటే ఆర్గాన్ గ్యాస్ అడ్డు పెట్టి టంగ్‌స్టన్ సూదితో అతికించే పద్ధతిలో, ఆ సూది కరగదు, వేడి మాత్రమే ఇస్తుంది. జాయింటులో కొత్తగా చేరే లోహమంతా చేతిలోని మీటరు పొడవు రాడ్డు నుంచే వస్తుంది. 304 అనే మామూలు స్టెయిన్‌లెస్ గ్రేడు పైపుకు వాడాల్సింది ఈఆర్ 308ఎల్ గ్రేడు రాడ్డు. అందులో క్రోమియం 19.5 నుంచి 22 శాతం, నికెల్ 9 నుంచి 11 శాతం ఉంటాయి. వెల్డు గట్టిపడేటప్పుడు పగలకుండా కొద్దిగా ఫెర్రైట్ (అయస్కాంతానికి అంటే ఉక్కు రూపం) మిగిలేలా ఈ పాళ్లు కుదిర్చారు. అందుకే మంచి వెల్డు మీద కూడా అయస్కాంతం లీలగా లాగుతుంది. అది చూసి కల్తీ అనుకుని గొడవపడనక్కరలేదు. చివర్లోని ‘ఎల్’ అక్షరం కార్బన్ 0.03 శాతం మించదని చెబుతుంది. కార్బన్ ఎక్కువైతే, 450 నుంచి 850 డిగ్రీల వేడి తగిలిన చోట అది క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. క్రోమియం తగ్గిన ఆ సన్నని గీత వెంటే తుప్పు మొదలవుతుంది.

ఉప్పుగాలి నేరుగా కొట్టే ఇళ్లకు 304 చాలదు. అక్కడ 316 పైపు, దానికి ఈఆర్ 316ఎల్ రాడ్డు వాడాలి. ఇందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది అదే. 316 పైపు కొని 308ఎల్‌తో అతికిస్తే ఖర్చంతా పైపు మీద పోస్తాం, తుప్పు మాత్రం జాయింటు దగ్గర మొదలవుతుంది.

ఎక్కువ నష్టం చేసే అలవాట్లు రెండున్నాయి. రాగిపూత ఉన్న ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఇనుము) రాడ్డుతో ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) పైపును అతికించడం మొదటిది. బఫింగ్ కొట్టిన రోజు అది వెండిలా మెరుస్తుంది, ఎవరూ పసిగట్టలేరు. ఉక్కు తుప్పు పట్టకుండా ఉండాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం కావాలి, ఆ జాయింటులో అంత మిగలదు. పైగా వెల్డు పెళుసవుతుంది, చేయి ఆనించి ఊపితే పగలొచ్చు. రెండోది మామూలు ఆర్క్ వెల్డింగుకు వాడే ఎస్‌ఎస్ ఎలక్ట్రోడ్‌కు ఉన్న ఫ్లక్స్ (పైన ఉండే మందు పూత) కొట్టేసి, లోపలి తీగను రాడ్డుగా వాడడం. చాలా ఎలక్ట్రోడ్లలో క్రోమియం, నికెల్, మాలిబ్డినం కొంత ఫ్లక్స్ నుంచే వస్తాయి. ఫ్లక్స్ రాలగొడితే డబ్బా మీద రాసిన గ్రేడు ఆ తీగలో ఉండదు.

ఇంతా చేసి మిగిలేది ఎంత? 1.6 మి.మీ. రాడ్డు ఒకటి 16 గ్రాములు తూగుతుంది, కిలోకు 60కి పైనే వస్తాయి. 38 మి.మీ. పైపు చుట్టూ ఒక జాయింటుకు పట్టేది ఐదు గ్రాములకు మించదు. అంత కొంచెం రాడ్డు మీద మిగిలేదీ కొంచెమే.

రెయిలింగ్ కాలిని శ్లాబులోని ఎమ్మెస్ ప్లేటుకు అతికించే చోట 308ఎల్ కూడా పనికిరాదు. అక్కడ ఈఆర్ 309ఎల్ కావాలి. ఎమ్మెస్ కరిగి కలిసినా తట్టుకునేలా దానిలో క్రోమియం 23 నుంచి 25 శాతం, నికెల్ 12 నుంచి 14 శాతం పెట్టారు. వెల్డయ్యాక ఎమ్మెస్ ప్లేటుకు ప్రైమరు, పెయింటు వేసి, ఆ పెయింటును వెల్డు దాటి ఎస్‌ఎస్ మీదికి ఒక అంగుళం రానివ్వాలి. లేకపోతే ప్లేటు తుప్పు నీళ్లు కాలి మీదికి చేరి, మంచి రాడ్డుకే చెడ్డపేరు వస్తుంది.

సరైన రాడ్డు వాడినా పాడుచేసే సంగతులు ఇంకా ఉన్నాయి. ఒకటిన్నర మి.మీ. మందం పైపుకు 45 నుంచి 60 యాంప్స్, ఆర్గాన్ నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు సరిపోతాయి. బాల్కనీలో గాలి ఆర్గాన్‌ను ఎగరగొట్టేస్తుంది కాబట్టి రేకో పరదానో అడ్డం పెట్టాలి. వేడి రాడ్డు కొనను గ్యాస్ బయటికి లాగితే నల్లబడుతుంది, ఆ కొనను కత్తిరించాకే మళ్లీ కరిగిన లోహంలో ముంచాలి. ఎమ్మెస్ గ్రిల్లు కోసిన డిస్కుతోనే ఎస్‌ఎస్ గ్రైండ్ చేస్తే ఇనుప రజను పైపులోకి దిగి, వారం తిరక్కుండానే చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. డిస్కులు, బ్రష్షులు విడిగా ఉంచాల్సిందే. వెల్డు పక్కన మిగిలిన నీలం, నలుపు రంగుల కింద క్రోమియం తగ్గిన పొర ఉంటుంది. దాన్ని మెరిసేదాకా బఫ్ చేయాలి, లేదా పికిలింగ్ పేస్ట్‌తో (ఆ రంగును కరిగించే ఆమ్లపు పేస్ట్) తీసేయాలి. ఆ పేస్ట్‌లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. చర్మానికి తగిలితే నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా ఎముకదాకా దిగుతుంది. రబ్బరు గ్లవ్స్, ముఖానికి షీల్డు, పక్కన ఈ ఆమ్లం తగిలితే పూసే కాల్షియం గ్లూకొనేట్ జెల్ లేకుండా ఆ డబ్బా మూత తీయొద్దని తోటి పనివాళ్లను బతిమాలుతున్నాం.

పార్కులకు, ఆసుపత్రి మెట్లకు, స్నానఘట్టాలకు రెయిలింగులు వేయించే మున్సిపాలిటీలు పైపు గ్రేడు పక్కనే రాడ్ గ్రేడు, వెల్డు రంగు తీసే పద్ధతి టెండరులో రాయాలని కోరుతున్నాం. ఇంటివాళ్లు కూడా బిల్లులో ఈ రెండూ రాయించుకోవాలి. మంచి టిగ్ రాడ్డుకు ఒక చివర గ్రేడు ముద్ర ఉంటుంది. పనివాళ్లు ముద్ర లేని వైపు నుంచి వాడుకుంటూ వచ్చి, ముద్ర ఉన్న ముక్కలు నాలుగైనా పని అప్పగించేటప్పుడు ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి.

ఇట్లు,
టిగ్ వెల్డింగ్ పనివారు,
గాజువాక, విశాఖపట్నం