మంగళగిరి కొండ అగ్నిపర్వతం కాదు

సంపాదకులకు,

మంగళగిరి కొండ మీది పానకాల నరసింహ స్వామి మీద పండగ సంచికల్లో వచ్చే వ్యాసాల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది. మంగళగిరి కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపలి గంధకాన్ని అణచడానికే పెద్దలు బెల్లం పానకం పోయించారనీ శాస్త్రవేత్తలు చెబుతున్నారట. ఏ శాస్త్రవేత్తలో మాత్రం ఎవరూ రాయరు.

స్థలపురాణం చెప్పేది వేరు. నముచి అనే రాక్షసుణ్ణి సంహరించిన నరసింహుడి ఉగ్రం చల్లారడానికి కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో పానకం. అందులో అగ్నిపర్వతం ఊసు లేదు. పురాణం చెప్పడానికి మొహమాటపడి దానికి సైన్సు చొక్కా తొడిగినట్టుంది.

ఇక రాయి సంగతి. బెజవాడ, మంగళగిరి కొండల్లో ఉన్నవి తూర్పు కనుమల ఖొండలైట్, చార్నకైట్ జాతి రాళ్ళు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపం మారినవి, వంద కోట్ల ఏళ్ళు దాటినవి. లావా పైకి వచ్చి గడ్డకట్టినవి కావు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే చాలు, కొండను పగలగొట్టక్కర్లేదు, కింద రాలిన ముక్క పట్టుకుని చూడండి. ఖొండలైట్‌లో చారలు, వాటి మధ్య ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. లావా రాయి, అంటే బసాల్ట్, నల్లగా, గింజ కంటికి ఆననంత సన్నగా ఉంటుంది.

పొరపాటు రెండు చోట్ల జరుగుతుంది. ఖొండలైట్‌లోని ఇనుము ఎండకీ వానకీ తుప్పుపట్టి పైన ఎర్రటి పొర కడుతుంది, దాన్ని చూసి కాలిన రాయి అనుకుంటారు. గార్నెట్లు ఊడిపోతే గుంటలు పడతాయి, వాటిని లావా బుడగలనుకుంటారు. తేడా తేలిగ్గానే తెలుస్తుంది: బుడగలైతే రాయి లోపల కూడా ఉంటాయి, ఈ గుంటలు పైపైనే. అసలైన లావా రాయి చూడాలంటే రాజమండ్రి దగ్గర కాతేరుకో, అటు పంగిడికో వెళ్ళాలి. అది దక్కన్ లావా కాలం నాటిది, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటిది.

పానకం వాదన రసాయనశాస్త్రం ముందు అసలు నిలవదు. గంధకం నీళ్ళలో కరగదు. దాని ఆమ్లాన్ని విరచాలంటే సున్నం లాంటి క్షారం కావాలి, బెల్లం క్షారం కాదు. పైగా శిలాద్రవానికి నీళ్ళు తగిలితే చల్లారడం అటుంచి, ఆవిరి పట్టి పేలే ప్రమాదమే ఎక్కువ. లోపల అంత వేడే ఉంటే చుట్టుపక్కల ఎక్కడైనా వేడి నీటి ఊటో, గంధకం వాసనో తగలాలి కదా!

కొండ మీది లక్ష్మీదేవి గుడి వెనక సొరంగం ఉండవల్లి గుహల దాకా పోతుందన్న కథనూ ఇలాగే పరీక్షించవచ్చు. మధ్యలో సుమారు 8 కిలోమీటర్లు, అందులో చాలా మేర కొండ లేదు, కృష్ణ ఒడ్డు మెత్తమన్నూ, కొద్ది లోతులోనే నీళ్ళూ. అక్కడ సొరంగం తవ్వితే అది బావి అవుతుంది.

నోట పోసిన పానకంలో స్వామి సగం తాగడం భక్తుల విశ్వాసం, దాని జోలికి ఈ ఉత్తరం పోవడం లేదు. ఇకపై "స్థలపురాణం ప్రకారం" అని వేయండి. "శాస్త్రవేత్తల ప్రకారం" అని రాసేవాళ్ళను పేరూ, ఏడాదీ అడగండి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ పటాలు భూకోశ్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి, అచ్చుకు ముందు ఒకసారి తెరిచి చూస్తే ఏ కొండలో ఏ రాయో తెలుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు